సమాన నిమిషాలు ఇస్తే సమతూకం వచ్చినట్టేనా? టీవీ వార్తలు, చట్టం, వాక్ స్వాతంత్ర్యం

వినికిడి (ప్రశ్న):

టీవీ వార్తల పక్షపాతం గురించి ఎక్కడ మాట మొదలైనా కాసేపటికి అది రెండు వాదాల దగ్గరికే చేరుతోంది. అన్ని పార్టీలకూ సమానంగా సమయం ఇచ్చి తీరాలని చట్టం తెస్తే సమస్య తీరిపోతుందని కొందరంటారు. చానల్ పెట్టుకున్నవారికి తమ అభిప్రాయం చెప్పుకునే హక్కు ఉంది, నచ్చనివాళ్లు మరో చానల్ పెట్టుకోవచ్చు, ఇందులో ప్రభుత్వం వేలు పెడితే వాక్ స్వాతంత్ర్యానికి నూకలు చెల్లినట్టేనని మరికొందరంటారు. రెండింటిలోనూ బలం ఉన్నట్టే అనిపిస్తుంది గానీ ఏ ఒక్కటీ నాకు పూర్తిగా మింగుడుపడటం లేదు.

ఈమధ్య మూడు వారాల పాటు ఒక వార్తా చానల్‌లో రాత్రిపూట వచ్చే చర్చా కార్యక్రమాన్ని నోటుపుస్తకం, ఫోనులోని స్టాప్‌వాచీ దగ్గర పెట్టుకుని చూశాను. ఒకనాటి లెక్క చెబుతాను. అధికార పార్టీ ప్రతినిధి 11 నిమిషాలు మాట్లాడారు, ప్రతిపక్ష ప్రతినిధి ఇంచుమించు అంతే సమయం మాట్లాడారు. నిమిషాల లెక్కన చూస్తే వంక పెట్టడానికి లేదు. అయితే మొదటివారి మాటకు యాంకర్ 2 సార్లు అడ్డుపడ్డారు, రెండోవారి మాటకు 17 సార్లు అడ్డుపడ్డారు. ఒకరిని "దీనిపై మీ వివరణ ఏమిటండీ?" అని అడిగారు, మరొకరిని "ప్రజలకు ముఖం ఎలా చూపిస్తున్నారు?" అని నిలదీశారు. మరో చానల్‌లో ఇదే తంతు తలకిందులుగా నడుస్తోందని కూడా చెప్పాలి, కాబట్టి ఇది ఒక పార్టీ మీద ఫిర్యాదు కాదు.

నా సందేహాలు ఇవి. పత్రికలకు లేని సమతూకపు బాధ్యత టీవీకి, రేడియోకి ఎందుకు ఉండాలంటారు? అలాంటి చట్టం తెచ్చిన దేశాలలో ఏం జరిగింది? తెచ్చినా, పైన చెప్పిన 2కీ 17కీ మధ్య తేడాను ఏ చట్టం పట్టుకోగలదు?

న్యాయపథం:

వినికిడి గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగిలిన రెండూ కొంత తేలికవుతాయి కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఒకరు పత్రిక పెట్టినందువల్ల మరొకరు పెట్టలేని పరిస్థితి రాదు. రేడియో అలా కాదు. ఒకే ప్రాంతంలో ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు ప్రసారం చేస్తే ఇద్దరి మాటా వినపడదు. 1920లలో అమెరికాలో సరిగ్గా ఈ గందరగోళమే తలెత్తి లైసెన్సు విధానం వచ్చింది. లైసెన్సు ఇవ్వడమంటే ఒకరికి ఇచ్చి, అడిగిన మిగతావారందరినీ కాదనడమే. అందరిదీ అయిన వస్తువును కొందరి చేతిలో పెట్టినప్పుడు, ఆ కొందరు మిగతావారి మాట కూడా వినిపించాలని అడగడం న్యాయమే అన్న ఆలోచన అక్కడ పుట్టింది.

ఇక్కడ చాలామంది రెండు వేరు వేరు నియమాలను కలిపేస్తుంటారు. అమెరికాలో 1934 చట్టంలోని 315వ సెక్షన్ అభ్యర్థులకు సంబంధించినది: ఒక అభ్యర్థికి స్టేషన్‌లో అవకాశం ఇస్తే పోటీలో ఉన్న మిగిలినవారికి కూడా అవే షరతుల మీద అవకాశం ఇవ్వాలి. అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1949లో తెచ్చిన ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ అభ్యర్థుల గురించి కాదు, అంశాల గురించి. వివాదం ఉన్న ప్రజా సమస్యలకు కొంత సమయం కేటాయించాలి, వాటిపై భిన్నాభిప్రాయాలకు చోటివ్వాలి, అంతే. ఎవరికి ఎన్ని నిమిషాలన్న లెక్క అందులో లేదు.

నిమిషాల లెక్కనే పట్టుకుంటే ఎక్కడికి పోతామో 1959లో చికాగోలో తేలింది. అక్కడి మేయర్ తిరిగి పోటీ చేస్తున్న సమయంలో, విమానాశ్రయంలో అర్జెంటీనా అధ్యక్షుడికి స్వాగతం పలికిన దృశ్యాలను వార్తలలో చూపించారు. లార్ డేలీ అనే మరో అభ్యర్థి తనకూ అంత సమయం ఇవ్వాలని అడిగారు, ఎఫ్‌సీసీ సరేనంది. ఈ లెక్కన ఎన్నికల కాలంలో వార్తలే చదవలేమని స్టేషన్లు గోలపెట్టడంతో, అదే ఏడాది అక్కడి చట్టసభ (కాంగ్రెస్) ఆ సెక్షన్ నుంచి వార్తా కార్యక్రమాలను మినహాయించింది.

ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్‌కు పెద్ద పరీక్ష 1969లో రెడ్ లయన్ కేసులో ఎదురైంది. పెన్సిల్వేనియాలోని ఒక చిన్న రేడియో స్టేషన్‌లో బిల్లీ జేమ్స్ హార్గిస్ అనే మత ప్రబోధకుడు, ఫ్రెడ్ కుక్ అనే రచయితను పేరు పెట్టి దుయ్యబట్టారు. జవాబు చెప్పుకోవడానికి తనకు ఉచితంగా సమయం ఇవ్వాలని కుక్ అడిగితే స్టేషన్ ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కుక్ పక్షాన నిలిచింది. ప్రసారకర్త హక్కు కంటే శ్రోతల, వీక్షకుల హక్కే ముఖ్యమన్నది ఆ తీర్పులోని కీలకమైన మాట. అయితే అయిదేళ్లు తిరక్కుండానే, 1974లో, అదే కోర్టు ఎదుటకు మయామి హెరాల్డ్ పత్రిక కేసు వచ్చింది. తనను విమర్శిస్తూ రాసిన సంపాదకీయాలకు తన జవాబును అచ్చు వేయాలని టోర్నిల్లో అనే అభ్యర్థి ఫ్లోరిడా చట్టం ఆధారంగా అడిగారు. కోర్టు మళ్లీ ఏకగ్రీవంగా ఆ చట్టాన్నే కొట్టేసింది. ఏది అచ్చు వేయాలో సంపాదకుడికి ప్రభుత్వం చెప్పకూడదంది. హక్కు ఒకటే, కోర్టు ఒకటే. రేడియో అయితే ఒక న్యాయం, కాగితం అయితే మరో న్యాయం. ఆ తేడాకు ఆధారం ఫ్రీక్వెన్సీల కొరత ఒక్కటే. చానళ్లు పెరిగి కొరత తగ్గిందన్న కారణం చూపించి 1987లో ఎఫ్‌సీసీ ఆ నియమాన్ని ఎత్తేసింది. దాన్ని చట్టంగా నిలబెట్టడానికి అక్కడి చట్టసభ ఆమోదించిన బిల్లును అధ్యక్షుడు రీగన్ అంతకు ముందే వీటో చేశారు.

మన దగ్గర ఈ విషయంపై మూలస్తంభం వంటిది 1995 ఫిబ్రవరి నాటి సుప్రీంకోర్టు తీర్పు. క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ 1993లో నిర్వహించిన హీరో కప్ పోటీల ప్రసారం మీద వచ్చిన తగాదా అది. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని ఆ తీర్పు చెప్పింది. దాని మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం ఉండటం వాక్ స్వాతంత్ర్యానికి ఎంత ప్రమాదమో, డబ్బున్న కొద్దిమందికి గుత్తాధిపత్యం రావడం కూడా అంతే ప్రమాదమని జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారు తన విడి తీర్పులో హెచ్చరించారు. ప్రసార మాధ్యమం ప్రజల అదుపులో ఉండాలి, ప్రభుత్వ అదుపులో కాదు అన్నారు. వాయుతరంగాల వినియోగాన్ని చూసుకోవడానికి స్వతంత్ర అధికార సంస్థను ఏర్పాటు చేయాలని కోర్టు ఆదేశించింది కూడా. ఆకాశవాణి, దూరదర్శన్‌ల కోసం చేసిన ప్రసార భారతి చట్టం 1997లో అమలులోకి వచ్చింది. 2004లో ప్రసార సేవలు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పరిధిలోకి వెళ్లాయి, కానీ అది ధరలు, కనెక్షన్లు, పంపిణీ వరకే. ప్రైవేటు చానళ్లలో వచ్చే విషయాన్ని చూసే స్వతంత్ర చట్టబద్ధ సంస్థ మాత్రం ఇప్పటికీ లేదు. నా దృష్టిలో మన చర్చ అంతా ఆ ఖాళీ చుట్టూనే తిరుగుతోంది.

పాత డెస్కు:

నేను పన్నెండేళ్లు వార్తా చానళ్లలో పనిచేశాను, ఎక్కువ కాలం అవుట్‌పుట్ డెస్కులోనే, అంటే ఏది ఎప్పుడు తెర మీదకు వెళ్లాలో చూసే చోట. వినికిడి గారు నోటుపుస్తకంలో రాసుకున్నది ఎలా తయారవుతుందో లోపలి నుంచి చెబుతాను.

ఎన్నికల కాలంలో మా దగ్గర ఒక లాగ్ షీటు ఉండేది. ఏ పార్టీ వార్త ఎన్ని నిమిషాలు వెళ్లిందో షిఫ్టు ముగిసేసరికి అందులో నింపాలి. ఒక పార్టీ అధినేత బహిరంగ సభను సాయంత్రం 40 నిమిషాలు కోత లేకుండా లైవ్ ఇచ్చాం. ఆ వారం రెండో పార్టీకి కూడా 40 నిమిషాలు చూపించాలి కాబట్టి, తెల్లవారుజామున 5 గంటల బులెటిన్‌లో, మధ్యాహ్నం ఎవరూ చూడని వేళల్లో, వాళ్ల నాయకుల బైట్లు (రికార్డు చేసిన మాటల ముక్కలు) 20 సెకన్ల చొప్పున పేర్చుకుంటూ పోయాం. లాగ్ షీటులో రెండు గడులూ సమానమయ్యాయి. అందరూ టీవీ ముందు కూర్చునే వేళ ఎవరిది, నిద్రపోయే వేళ ఎవరిది అన్న గడి ఆ షీటులో లేదు. ఆ షీటు నింపినవాళ్లలో నేనూ ఒకణ్ని, అది ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

చర్చల సంగతికి వస్తే, బయటివాళ్లకు కనిపించేది యాంకర్ ఒక్కరే. పీసీఆర్‌లో, అంటే ప్రసారాన్ని నడిపించే కంట్రోల్ రూమ్‌లో, కూర్చున్న ప్రొడ్యూసర్ టాక్‌బ్యాక్‌లో "ఆయన్ను ఆపండి, ఈయనకు ఇవ్వండి" అని చెప్పేది యాంకర్ చెవిలోని ఇయర్‌పీస్‌కు తప్ప ఎవరికీ వినపడదు. ఆడియో కన్సోల్ మీద ఒకరి మైకును కాస్త దించితే, ఆ అతిథి ఎంత గట్టిగా మాట్లాడుతున్నా వీక్షకుడికి దూరం నుంచి వినిపిస్తున్నట్టు ఉంటుంది. స్టాప్‌వాచీలో మాత్రం ఆ సమయం ఆయన ఖాతాలోనే పడుతుంది. అంతకంటే ముందే, అసలు ఎవరిని పిలవాలన్న దగ్గరే సగం చర్చ అయిపోతుంది. ఒక పార్టీ నుంచి అంకెలు నోటి చివర ఉండే ప్రతినిధిని, మరో పార్టీ నుంచి మాట తడబడే ప్రతినిధిని పిలిస్తే, ఆ తర్వాత ఇద్దరికీ చెరో గంట ఇచ్చినా ఫలితం ముందే తెలిసిపోతుంది. చర్చ కింద నడిచే స్క్రోల్, తెర మీద పెద్ద అక్షరాలతో వేసే శీర్షిక, చివరి మాట ఎవరికి ఇచ్చారన్నది, ఇవన్నీ కలిసి ఒక అభిప్రాయాన్ని వీక్షకుడి మనసులో నాటుతాయి. వీటిలో దేన్నీ నిమిషాలలో కొలవలేం.

ఇంతకంటే పెద్ద విషయం ఒకటుంది. పక్షపాతం వేసిన వార్తలో కంటే వేయని వార్తలోనే ఎక్కువ. రన్‌డౌన్‌లో, అంటే బులెటిన్ వార్తల వరుస జాబితాలో, 14వ అంశంగా ఉన్నదాన్ని ఉదయం 9 గంటల సమావేశంలో ఒక ఫోన్‌కాల్ తర్వాత తీసేస్తే, ఆ వార్త ఉండేదని తెలిసినవాళ్లు నలుగురమే. వేసిన దానిపై ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. వేయని దానికి సాక్ష్యం ఎక్కడిది?

అలాగని అన్ని పక్షాలకూ సమాన స్థానం ఇవ్వడమే ధర్మమనుకుంటే మరో గోతిలో పడతాం. ఒక వాస్తవం తేలిపోయిన తర్వాత కూడా దానికి ఇద్దరు వాదులను కూర్చోబెడితే, తేలిపోయిన విషయం వివాదంలో ఉన్నట్టు కనిపిస్తుంది. బ్రిటన్‌లో 2017లో బీబీసీ రేడియో 4 ఉదయపు కార్యక్రమంలో వాతావరణ మార్పుపై లార్డ్ లాసన్‌ను పిలిచి, ఆయన చెప్పిన తప్పు లెక్కలను సరిదిద్దకుండా వదిలేశారు. అది నియమావళి ఉల్లంఘనేనని అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2018లో తేల్చింది. అదే సంవత్సరం బీబీసీ తన సిబ్బందికి, వాతావరణ మార్పుపై చర్చను సమతూకం చేయడానికి దాన్ని కాదనేవారిని పిలవనక్కరలేదని స్పష్టంగా చెప్పింది. మా డెస్కులో ఎవరైనా ఆ మాట గట్టిగా చెప్పి ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది. ఒక వంతెన కూలిందని మా రిపోర్టర్ స్వయంగా వెళ్లి చూసి వచ్చి చెబుతున్నా, "కూలలేదని అవతలివాళ్లు అంటున్నారు, వాళ్ల బైట్ కూడా పెట్టండి" అనేవారు. నది దగ్గర కెమెరా ఉన్నప్పుడు బైట్ ఎందుకండీ?

ఎదురుగాలి:

పాత డెస్కు గారు చెప్పినవన్నీ నిజమే అయి ఉంటాయి, నేను కాదనను. కానీ వాటికి మందుగా చట్టాన్ని కోరుకునేవాళ్లు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి: తక్కెడ ఎవరి చేతిలో పెడుతున్నారు?

న్యాయపథం గారు చెప్పిన రెడ్ లయన్ కథకు రెండో అధ్యాయం ఉంది. 1960లలో అమెరికాలో అధికారంలో ఉన్న డెమొక్రాటిక్ పార్టీ, తనను విమర్శించే చిన్న చిన్న రేడియో స్టేషన్ల మీద ఈ నియమాన్ని అస్త్రంగా వాడుకుందని, కుక్ ఫిర్యాదు వెనుక కూడా ఆ పార్టీ సహాయం ఉందని తర్వాతి కాలంలో బయటపడింది. జవాబు సమయం ఉచితంగా ఇవ్వాల్సి వస్తుందంటే, లాయరు ఖర్చులు భరించాల్సి వస్తుందంటే, చిన్న స్టేషన్ యజమాని చేసే పని ఒక్కటే: వివాదం ఉన్న విషయం జోలికే పోకపోవడం. భిన్నాభిప్రాయాలు పెరగాలని పెట్టిన నియమం, అసలు అభిప్రాయాలే వినపడకుండా చేయగలదు. 1987లో దాన్ని ఎత్తేసినప్పుడు ఎఫ్‌సీసీ చెప్పిన ముఖ్య కారణాలలో ఇదొకటి.

నిష్పాక్షికతకు పుట్టినిల్లు అని చాలామంది చెప్పుకునే బ్రిటన్‌నే తీసుకోండి. రాబోయే 14 రోజులలో పార్లమెంటులో చర్చకు రానున్న ఏ అంశాన్నీ రేడియోలో, టీవీలో చర్చించకూడదన్న నియమం అక్కడ ఉండేది. 1955లో దాన్ని ప్రభుత్వం అధికారికంగా ఆదేశించింది కూడా. ప్రజలకు ఒక విషయం మీద మాట్లాడుకోవలసిన అవసరం సరిగ్గా ఎప్పుడు ఉంటుందో అప్పుడే నోరు మూసుకోవాలన్నమాట. 1956లో సూయజ్ సంక్షోభం ముంచుకొచ్చాక గానీ దాన్ని పక్కన పెట్టలేదు. 1988 అక్టోబరులో అక్కడి ప్రభుత్వం షిన్ ఫేన్ తో సహా ఉత్తర ఐర్లాండ్‌కు చెందిన కొన్ని సంస్థల ప్రతినిధుల గొంతు ప్రసారం కాకూడదని ఆంక్ష పెట్టింది. బొమ్మ చూపించవచ్చు, మాటల సారాంశం చెప్పవచ్చు, గొంతు మాత్రం వినపడకూడదు. చానళ్లు నటులను పెట్టి ఆ మాటలనే పలికించాయి. 1994 సెప్టెంబరు దాకా అలాగే నడిచింది. ఎన్నికలలో గెలిచి పార్లమెంటు సభ్యుడైన మనిషి పెదవులు కదులుతుంటే మరొకరి గొంతు వినిపించడమన్నది ఒక ప్రజాస్వామ్య దేశంలో ఆరేళ్ల పాటు జరిగింది.

మన అనుభవం ఇంతకంటే మెరుగేమీ కాదు. ఎమర్జెన్సీలో ఆకాశవాణి ఏమైందో అందరికీ తెలుసు. ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లకు సొంతంగా వార్తలు చెప్పే అనుమతి ఇవ్వలేదు. 2011 నాటి మూడో దశ విధానం ఆకాశవాణి బులెటిన్లను మార్పు లేకుండా తిరిగి వినిపించడానికి మాత్రమే వీలిచ్చింది. గంటకు 10 నిమిషాల వార్తలకు అనుమతించాలని ట్రాయ్ 2023లో సిఫారసు చేయవలసి వచ్చిందంటే, అప్పటిదాకా పరిస్థితి ఏమిటో ఆలోచించండి. మలయాళ చానల్ మీడియావన్‌కు లైసెన్సు పునరుద్ధరించడానికి ప్రభుత్వం భద్రతా కారణాలు చూపి నిరాకరించింది, ఆ కారణాలను సీల్డ్ కవర్‌లో కోర్టుకు ఇచ్చింది. ప్రభుత్వ విధానాలను విమర్శించడాన్ని వ్యవస్థకు వ్యతిరేకంగా ఉండటంగా చూడకూడదని 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు చెప్పేదాకా ఆ చానల్ కత్తి అంచు మీదే నడిచింది. 2024 లోక్‌సభ ఎన్నికలలో పార్టీలకు కేటాయించిన ప్రసంగ సమయంలో సీతారాం ఏచూరి గారు చదవబోయిన పాఠం నుంచి "మతతత్వ నిరంకుశ పాలన" వంటి మాటలు తీసేయాలని దూరదర్శన్ పట్టుబట్టింది. సమయం అందరికీ పంచారు. మాటలకు మాత్రం కత్తెర పడింది.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. పది చానళ్లు పది రకాలుగా పక్షపాతం చూపినా నేను పదింటినీ చూసి నా బుద్ధితో తేల్చుకోగలను. సమతూకం పేరుతో పదింటికీ ఒకే కొలబద్ద పెట్టి, ఆ కొలబద్దను అధికారంలో ఉన్నవారి చేతికి ఇస్తే, నేను తేల్చుకోవడానికి ఏమీ మిగలదు.

న్యాయపథం:

ఎదురుగాలి గారూ, మీరు చూపిన ప్రమాదాలలో ఒక్కటి కూడా కల్పితం కాదు. ప్రభుత్వం చేతిలో తక్కెడ ఉండకూడదన్న మాటతో నేను నూటికి నూరు పాళ్లూ ఏకీభవిస్తాను. కానీ అక్కడి నుంచి మీరు అసలు తక్కెడే వద్దన్న చోటికి దూకారు. మధ్యలో చాలా దూరం ఉంది.

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం, జాక్సన్ నగరంలో డబ్ల్యూఎల్‌బీటీ అనే టీవీ స్టేషన్ ఉండేది. నల్లజాతివారు ఓటు హక్కు కోసం, సమాన హక్కుల కోసం పోరాడుతున్న రోజులలో ఆ స్టేషన్ నల్లవారిని తెల్లవారి నుంచి వేరుగా ఉంచే విధానాన్ని సమర్థించే మాటలకు చోటిచ్చి, ఆ ఉద్యమం పక్షాన మాట్లాడేవారికి తలుపు మూసింది. ఆ ఊళ్లో నల్లజాతి కుటుంబాలకు మీరు చెప్పిన పది చానళ్లు లేవు. వాళ్ల తరఫున ఒక చర్చి సంస్థ ఫిర్యాదు చేస్తే, అడగడానికి మీకు హక్కు లేదని ఎఫ్‌సీసీ మొదట తోసిపుచ్చింది. 1966లో అప్పీలు కోర్టు, వినే ప్రజలకు ఫిర్యాదు చేసే హక్కు ఉందని తీర్పు చెప్పింది. 1969లో ఆ స్టేషన్ లైసెన్సునే రద్దు చేసింది. మీరు చెప్పిన దుర్వినియోగానికీ, ఈ న్యాయానికీ ఆధారం ఒకే నియమం. మొదటిదాంట్లో అధికార పార్టీ వెనక ఉండి కథ నడిపింది. రెండోదాంట్లో మాట వినపడని ప్రజలు నడిపారు. నియమంలోని అక్షరాల కంటే, దాన్ని ఎవరు వాడగలరు, ఎవరు తీర్పు చెబుతారు, ప్రసారానికి ముందా తర్వాతా అన్నవే ఫలితాన్ని నిర్ణయించాయి.

బ్రిటన్ నియమావళి విషయంలో కూడా ఒక మాట. 1954 నుంచి అక్కడి వాణిజ్య టీవీకి వర్తిస్తున్నది తగినంత నిష్పాక్షికత. ఆ "తగినంత" అన్న చిన్న మాటకు విలువ చాలా ఉంది. ప్రతి వాదనకూ సమాన సమయం ఇవ్వాలని దాని అర్థం కాదని ఆఫ్‌కామ్ నియమావళే చెబుతుంది. విషయం ఏమిటి, చూసేవారు దాని నుంచి ఏం ఆశిస్తారు అన్నదాన్ని బట్టి కొలత మారుతుంది. తీర్పు ప్రసారమయ్యాకే ఉంటుంది, ముందుగా పాఠం చూపించి అనుమతి తెచ్చుకోవడం ఉండదు. లోపం లేదని అనను. ఆఫ్‌కామ్ అధ్యక్ష పదవికి మనిషిని ఎంచుకునేది ప్రభుత్వమే. డబ్బు సంగతి కూడా చూడాలి. టీవీలో, రేడియోలో రాజకీయ ప్రకటనలను బ్రిటన్ పూర్తిగా నిషేధించింది. అది వాక్ స్వాతంత్ర్యానికి భంగమని ఒక జంతు సంరక్షణ సంస్థ వేసిన కేసులో, యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2013లో ఆ నిషేధాన్ని సమర్థించింది, అదీ 9 మంది ఒక పక్కన, 8 మంది మరో పక్కన నిలిచి. అంతటి న్యాయమూర్తులు ఒక్క ఓటు తేడాతో తేల్చిన విషయంలో, ఒకవైపు మాత్రమే సత్యం ఉందని మనం అనుకోనక్కరలేదు.

మరొక సంగతి. ఫ్రీక్వెన్సీల కొరత పోయింది నిజమే గానీ, కొరత మరో చోటికి మారింది. చానల్ పెట్టడం ఒక ఎత్తు, అది ఇంటి దాకా చేరడం మరో ఎత్తు. 2014లో తెలంగాణలో, 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వాలు ఏర్పడిన కొద్ది రోజులకే కొన్ని తెలుగు వార్తా చానళ్లు కేబుల్‌లో కనపడకుండా పోయాయి. 2024లో ఢిల్లీ హైకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. ఆ చానళ్ల లైసెన్సులను ఎవరూ రద్దు చేయలేదు, ఒక్క మాటను ఎవరూ సెన్సార్ చేయలేదు. తెర మీద నుంచి తీసేశారు, అంతే. "నచ్చకపోతే మరో చానల్ పెట్టుకోండి" అనే వాదన నిలబడాలంటే ఆ మరో చానల్ రిమోట్‌లో ఉండాలి కదా. అభిప్రాయాల మీద చట్టం వద్దని మీరంటే ఒప్పుకుంటాను. చానల్ ఇంటికి చేరే దారిని ఎవరూ మూయకూడదన్న చట్టాన్ని, అది గట్టిగా అమలు కావాలన్న కోరికను మాత్రం మీరు కాదనలేరనుకుంటాను.

ఎదురుగాలి:

పంపిణీ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఆ కోణం నా మాటల్లో లేకపోవడం లోపమే. డబ్ల్యూఎల్‌బీటీ ఉదంతం నా వాదాన్ని కొంత కదిలించిందని కూడా ఒప్పుకుంటాను. కోర్టు దాకా వెళ్లే హక్కు ప్రజలకు ఉండి, నిర్ణయం ప్రభుత్వ శాఖ చేతిలో లేకపోతే నా అభ్యంతరం చాలావరకు తగ్గుతుంది. కానీ అది తేలేలోపు ఎన్నికలు అయిపోతాయన్న భయం అలాగే ఉంది.

వినికిడి:

అందరికీ కృతజ్ఞతలు. నేను నిమిషాలు లెక్కపెట్టడం దగ్గరే తప్పుచేశానని అర్థమైంది. ఇప్పుడు నా దగ్గర మూడు వారాల నోట్సు ఉంది. పాత డెస్కు గారూ, ఇలాంటిది చానల్‌కు పంపితే లోపల ఎవరైనా చదువుతారా? చదివించాలంటే ఏం రాయాలి?

పాత డెస్కు:

"మీ చానల్ పక్షపాతంగా ఉంది" అని వచ్చే ఉత్తరాలు రోజుకు పదులలో ఉండేవి, వాటిని ఎవరూ చదవరు. మీరు పంపేది వాటి కుప్పలో పడకూడదు.

2021లో సవరించిన కేబుల్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు ముందు చానల్‌కే వెళ్లాలి, చానల్ 15 రోజులలో నిర్ణయం చెప్పాలి. తృప్తి కలగకపోతే ఆ చానల్ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు, అంటే చాలా వార్తా చానళ్ల విషయంలో ఎన్‌బీడీఎస్‌ఏకు, వెళ్లవచ్చు. 2023 నాటికి అది వేసే జరిమానా గరిష్ఠంగా లక్ష రూపాయలు. అది ఏపాటి అని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టే ప్రశ్నించింది, కాబట్టి పెద్ద శిక్ష పడుతుందని ఆశించకండి. అయితే ఆదేశం వస్తే వీడియో తీసేయాలి, కొన్నిసార్లు తెర మీద క్షమాపణ చెప్పాలి. ఎడిటర్లు భయపడేది ఆ రెండోదానికే.

చానళ్లు తాము ప్రసారం చేసినదాన్ని 90 రోజులు దాచి ఉంచాలన్నది అనుమతి షరతులలో ఒకటి. కాబట్టి ఆలస్యం చేయవద్దు. మూడు వారాల నోట్సు మొత్తం పంపవద్దు. ఒకే ఒక్క రోజు తీసుకోండి. తేదీ, కార్యక్రమం పేరు, గంట, నిమిషం, సెకను వేయండి. ఆ 17 సార్లలో ఏదో ఒకచోట, అతిథి ఒక వాస్తవాన్ని చెబుతుండగా, ఉదాహరణకు ఒక అంకెనో, ఒక తీర్పు పేరునో చెప్పబోతుండగా, అడ్డుపడిన సందర్భం ఉంటుంది. దాన్ని మాత్రమే పట్టుకోండి. ఆయన చెప్పబోయిన మాట ఏమిటి, యాంకర్ దాని బదులు ఏం చెప్పారు, యాంకర్ చెప్పినది తప్పని చూపించే పత్రం ఏది, ఈ మూడూ రాసి పంపండి. అభిప్రాయం మీద మీరు రాస్తే "మా అభిప్రాయం మాది" అని జవాబు వస్తుంది. తప్పు చెప్పిన వాస్తవం మీద రాస్తే ఆ కాగితం డెస్కు నుంచి లీగల్‌కు, లీగల్ నుంచి ఎడిటర్ బల్ల మీదకు వెళ్లక తప్పదు. అలా వచ్చిన ఒక కాగితాన్ని నేను చూశాను. ఆ మర్నాటి రాత్రి చర్చలో ప్రొడ్యూసర్ టాక్‌బ్యాక్‌లో అన్న మొదటి మాట, "ఈరోజు ఆయన్ను పూర్తిగా చెప్పనివ్వండి" అని.